అత్తమామలతో ఆర్‌వీలో డెత్ వ్యాలీ: వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉంటాం. మా మామగారు (71), అత్తగారు (66) అక్టోబరులో తెనాలి నుంచి వచ్చారు, మార్చి చివర్లో తిరిగి వెళ్తారు. మాకు తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. క్రిస్మస్ సెలవుల్లో 30 అడుగుల ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని ఇక్కణ్ణుంచే బయల్దేరి డెత్ వ్యాలీ, జాషువా ట్రీ ఎడారి పార్కులు, వీలైతే ఆరిజోనా కూడా వారంలో చుట్టేద్దామని మా ఆయన పట్టుదల. "హోటళ్ల బాధ లేదు, వంట మనదే, బాత్రూమ్ వెంటే ఉంటుంది. అమ్మానాన్నలకు ఇంతకంటే సుఖం ఏముంది?" అంటారు. మామగారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. బీపీ కూడా ఉంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పైగా ధనుర్మాసంలో తెల్లవారుజామున స్నానం, పూజ మానరు. ఎడారి కదా, చలేముంటుందని మామగారు స్వెట్టర్లు కూడా వద్దంటున్నారు. నాకేమో వారమంతా ఆ డబ్బాలో ఆరుగురికి వండిపెడుతూనే గడిచిపోతుందని భయం. వద్దంటే, అత్తమామలతో వెళ్లడం ఇష్టం లేదనుకుంటారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: వెళ్లండి. కాకపోతే మీ ఆయన వేసిన ప్లాన్‌తో కాదు. క్రిస్మస్‌కి బదులు ఫిబ్రవరిలో, సన్నీవేల్ నుంచి కాకుండా లాస్ వేగాస్ నుంచి, 30 అడుగుల బండి మానేసి 25 అడుగుల దాంట్లో. జాషువా ట్రీ, ఆరిజోనా ఈసారికి వదిలేసి ఒక్క డెత్ వ్యాలీకే, అదీ ఒకేచోట మూడు రాత్రులు ఉండేలా. మీ అత్తమామలు పడుకోవాల్సింది బండిలో కాదు, దగ్గర్లోని హోటల్ గదిలో. ఇన్ని మార్చాక ఆయన ప్లాన్‌లో మిగిలిందేముందంటారా? ఎడారి మిగిలింది, ఆర్‌వీ మిగిలింది. ఆయన మనసుపడ్డది ఆ రెంటి మీదే అనుకుంటాను.

ఈ మార్పుల్లో చాలావాటికి కారణం ఒకటే, రాత్రి. ఆర్‌వీ వీడియోలన్నీ పగటిపూట తీసినవే. బండి పక్కన మడతకుర్చీ, చేతిలో కాఫీ కప్పు, వెనకాల కొండలు. చలికాలపు ఎడారిలో పగలు దానంతటదే బాగుంటుంది, దానికి మీరు పెద్దగా చెయ్యాల్సిందేమీ ఉండదు. ముందు నుంచీ ఆలోచించి పెట్టుకోవాల్సింది సాయంత్రం అయిదు నుంచి మర్నాడు పొద్దున ఏడు దాకా ఎలా గడుస్తుందన్నది.

మీ మామగారి స్వెట్టర్లతోనే మొదలుపెడదాం. డెత్ వ్యాలీలోని ఫర్నేస్ క్రీక్‌లో 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్ నమోదైంది. ప్రపంచ రికార్డు అదే. ఆయన మనసులో ఉన్నది ఆ డెత్ వ్యాలీ. డిసెంబరులో అక్కడ పగటి వేడి సగటున 65 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, రాత్రికి 40 లోపుకు దిగుతుంది. మన లెక్కలో 18, 4 సెల్సియస్. ఏడాది మొత్తమ్మీద రెండంగుళాల వాన పడే చోటు కాబట్టి గాలిలో తేమ ఉండదు, పైన మబ్బు ఉండదు. పొద్దు గూకిందంటే నేల దాచుకున్న వేడి పట్టి ఆపేవాడు లేక పైకి పోతుంది. తెనాలిలో సంక్రాంతి చలికే మఫ్లరు చుట్టుకునే మనిషికి 4 డిగ్రీలంటే ఏమిటో మాటలతో చెప్పి లాభం లేదు. ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టమనండి, సరిగ్గా అంతే. ఉన్ని టోపీ, మేజోళ్లు, లోపల వేసుకునే థర్మల్స్ ఇద్దరికీ మూడేసి జతలు సర్దండి, ఆయన వద్దన్నా సరే.

రెండోది, ఆ రాత్రి పొడవు. డిసెంబరు చివర్లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు. అటూఇటూ పద్నాలుగు గంటల రాత్రి. బయట చలి, చీకటి. లోపల ఆరుగురు. 25 అడుగుల బండి అంటే మొత్తం నేల 200 చదరపుటడుగులు, అందులోనే పొయ్యి, మంచం, మరుగుదొడ్డి, డ్రైవరు సీటు. 30 అడుగులదైతే 240. అక్కడ నాలుగేళ్ల పిల్లాణ్ణి సాయంత్రం అయిదు నుంచి కూర్చోబెట్టాల్సింది ఎవరు? ఆ పని ఎవరి మీద పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫిబ్రవరి నడుమకొచ్చేసరికి పగలు గంటకు పైగా పెరుగుతుంది. వేడి పగలు 73, రాత్రి 46 ఫారెన్‌హీట్ దగ్గరికి వస్తుంది. వేసవిలా ఏమీ ఉండదు గానీ, సాయంత్రం భోజనం బయట బల్ల మీద కూర్చుని చేసేంత తేడా అయితే ఉంటుంది. బే ఏరియాలో చాలా స్కూళ్లు ప్రెసిడెంట్స్ డే వారం సెలవిస్తాయి, మీ వాళ్లిస్తారేమో చూడండి. అప్పటికి మీ అత్తమామలు ఇంకా ఇక్కడే ఉంటారు. డిసెంబరు 16 నుంచి భోగి దాకా నడిచే ధనుర్మాసం కూడా అయిపోతుంది.

ధనుర్మాసాన్ని చిన్న కారణంగా తీసిపారెయ్యకండి. మీ అత్తగారి పట్టింపుకీ ఆర్‌వీ కొలతలకీ అసలు కుదరదు. ఇలాంటి బండ్లలో వేణ్ణీళ్ల బాయిలరు మామూలుగా ఆరు గ్యాలన్లది, అంటే 23 లీటర్లు. పొదుపుగా ఒక్కరికి సరిపోతుంది. తర్వాతి మనిషి మళ్లీ కాగేదాకా ఆగాలి. మంచినీళ్ల ట్యాంకు 30, 40 గ్యాలన్లుంటుంది. తాగడానికి, వంటకు, గిన్నెలకు, మరుగుదొడ్డికి అన్నిటికీ అదే. ఆరుగురు రోజూ స్నానాలు మొదలుపెడితే మర్నాటికి ఖాళీ. ఇవన్నీ తెలిశాక ఆవిడ స్నానం మానెయ్యరు, చన్నీళ్లతో చేస్తారు. 66 ఏళ్ల వయసులో, 4 డిగ్రీల చలిలో, అర చదరపు గజం ప్లాస్టిక్ అరలో. అందుకే గది తీసుకోమన్నాను.

ఫర్నేస్ క్రీక్‌లోనే ద రాంచ్ అనే హోటల్ ఉంది, ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండుకు కూతవేటు దూరం. కింది అంతస్తులో గది అడగండి. వేణ్ణీళ్ల స్నానం, మోకాళ్లకు తగిన ఎత్తులో మంచం, పొద్దున తలుపు మూసుకుని పూజ చేసుకునే చోటు, అన్నీ దొరుకుతాయి. పగలంతా వాళ్లు మీతోనే ఉంటారు, రాత్రి ఎనిమిదింటికి దిగబెట్టి వస్తారు. "మరి ఆర్‌వీ ఎందుకు, రెండు గదులు తీసుకుని వ్యాన్‌లో వెళ్తే పోలా?" అని మీ ఆయన అడగొచ్చు. నిజానికి ఖర్చు చూసుకుంటే అదే నయం కావచ్చు. కానీ పైబెర్తు మీద పడుకోవాలని పిల్లలకు ఉంటుంది, ఆయనకూ ఉంటుంది. ఎడారి మధ్యలో ఎక్కడ ఆగినా మామగారికి మరుగుదొడ్డి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే చోటు, వేడి అన్నం దొరకడం చిన్న సౌకర్యం కాదు. ఆర్‌వీని పగటి ఇల్లుగా వాడుకోండి. దానికి అది చక్కగా పనికొస్తుంది.

గది దొరకదు, అందరూ బండిలోనే పడుకోవాలంటే, హుక్‌అప్ ఉన్న చోటు దొరికితేనే వెళ్లండి. హుక్‌అప్ అంటే కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ తగిలించుకునే వీలు. ఫర్నేస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండులో అలాంటివి 18 మాత్రమే, స్టవ్‌పైప్ వెల్స్‌లో 14. ఆ రెండుచోట్లా మిగతావన్నీ ఉత్త జాగాలు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆర్‌వీలో హీటరు ప్రొపేన్‌తో మండుతుంది గానీ, ఆ వేడిని లోపలికి తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. కరెంటు తగిలించని బండిలో రాత్రి పదింటికి అంతా బాగానే ఉంటుంది. ఫ్యాను బుర్రుమని మొదలవడం, పది నిమిషాలకు ఆగడం, మళ్లీ బుర్రుమనడం. కునుకు పట్టనివ్వని ఆ చప్పుడుకు కూడా అలవాటుపడతారు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బ్యాటరీ నీరసించి ఆ చప్పుడు రాదు. సిలిండరు నిండుగానే ఉంటుంది, లోపల మాత్రం నిమిషనిమిషానికీ చల్లబడుతుంది. జనరేటరు వేద్దామంటే రాత్రిళ్లు వెయ్యనివ్వరు. అప్పుడు ఎవరో ఒకరికి గ్యాసు పొయ్యి వెలిగిద్దామన్న ఆలోచన వస్తుంది. అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మూసిన బండిలో పొయ్యి గానీ బొగ్గుల కుంపటి గానీ చలి కాచుకోవడానికి వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బండి తీసుకునేటప్పుడు దాని డిటెక్టరు మీట నొక్కి, కూత వినిపించాకే సంతకం పెట్టండి.

హుక్‌అప్ ఉంటే ఈ బాధ తీరుతుంది. అయితే ఒక లెక్క ఉంది. సాధారణంగా ఇచ్చేది 30 ఆంపియర్ల కరెంటు, అంటే 3600 వాట్లు. చిన్న ఎలక్ట్రిక్ హీటరు 1500 తింటుంది, మైక్రోవేవ్ అంతకు అటూఇటూ, రైస్ కుక్కర్ 700. మూడూ ఒకేసారి నడిచాయంటే చీకటే. రాత్రి పడుకునే ముందు డ్రైవరు సీట్లకూ ఇంటి భాగానికీ మధ్య దుప్పటి కట్టండి. సగం చలి ఆ పెద్ద ముందద్దం గుండానే వస్తుంది.

పడక గురించి ఒక మాట. వెనక మంచం చాలా బండ్లలో గోడకు ఆనించి ఉంటుంది. లోపలివైపు పడుకున్నవాళ్లు లేవాలంటే బయటివైపు వాళ్లను దాటుకుంటూ పాకాలి. రాత్రికి రెండుమూడుసార్లు లేచే షుగరు మనిషిని బయటివైపే ఉంచండి. పైబెర్తు మీ ఆయనకు, పాపకు. బాబును అక్కడ పడుకోబెట్టకండి, నిద్రలో దొర్లితే అయిదడుగుల ఎత్తు. వాడూ మీరూ కింద డైనింగ్ బల్లను మడిస్తే వచ్చే పడక మీద.

ఇక పెద్దవాళ్ల విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది చలికి కాదు. మరుగుదొడ్డికి మాటిమాటికీ వెళ్తే పిల్లలకు ఇబ్బంది అని వాళ్లు నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అడిగితే దాహం లేదంటారు. చలిలో నిజంగానే దాహం వెయ్యదు, కానీ ఆ పొడిగాలి ఒంట్లో నీటిని పీల్చేస్తూనే ఉంటుంది. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయించే రకాలుంటాయి. నీళ్లు తగ్గితే వాటితో కళ్లు తిరుగుతాయి, షుగరూ అదుపు తప్పుతుంది. ఎవరికి ఎన్ని నీళ్లన్నది వాళ్ల డాక్టరును ముందే అడగండి. బయల్దేరాక ఇద్దరికీ చెరో సీసా ఇచ్చి, భోజనం వేళకల్లా ఖాళీ కావాలని పాపకు కాపలా పని అప్పజెప్పండి. మనవరాలు అడిగితే తాగుతారు. కడుక్కోవడానికి ఒక చిన్న ప్లాస్టిక్ చెంబు బండిలో పెట్టండి. మన పెద్దవాళ్లకు కాగితంతో సరిపోదు, అడగడానికీ మొహమాటపడతారు.

ఇన్సులిన్ చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. ఆర్‌వీ ఫ్రిజ్‌లో వెనకవైపు రెక్కలకు ఆనించిన వస్తువులు గడ్డకడతాయి. దాన్ని తలుపు అరలో, చిన్న డబ్బాలో పెట్టండి. రాత్రిళ్లు డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకండి. షుగరు కొలిచే మిషన్ కూడా బాగా చల్లబడితే సరిగా చూపించదు, కొలిచే ముందు కాసేపు జేబులో పెట్టుకోమనండి. అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే ఉప్పు పలకల మీద చెప్పుల్లేకుండా నడవొద్దు, హీటరు దగ్గరికి పాదాలు చాపొద్దు. ఆసుపత్రి కావాలంటే ఫర్నేస్ క్రీక్ నుంచి 60 మైళ్ల అవతల, నెవాడాలోని పహ్రంప్‌కు వెళ్లాలి. దారిలో చాలాచోట్ల ఫోను పనిచెయ్యదు. మ్యాపులు ముందే దించుకోండి, వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు దారి. సన్నీవేల్ నుంచి ఫర్నేస్ క్రీక్ 500 మైళ్లకు దగ్గర. ఆర్‌వీతో అది ఒక్కరోజు పని కాదు. మ్యాపులో యోసెమిటీ మీదుగా ఊరించే దగ్గర దారి ఒకటి కనపడుతుంది, ఆ టియోగా పాస్‌ను చలికాలమంతా మంచుకు మూసేస్తారు. మిగిలింది బేకర్స్‌ఫీల్డ్ దారి. చలికాలం పొద్దున్నే సెంట్రల్ వ్యాలీలో నేలను కప్పేసే, 'టూలీ ఫాగ్' అనే పొగమంచు ముందు బండి వెనక దీపాలను కూడా కనపడనివ్వదు. అది దాటితే తెహచపి కనుమలో గాలి. అక్కడ గాలిమరలు అన్ని ఊరికే పాతలేదు. నిలువెత్తు పెట్టెలాంటి బండిని మొదటిసారి తోలేవాడికి పక్కగాలి కొడితే స్టీరింగ్ చేతిలో ఉన్నట్టుండదు. అదీ దాటి ఆ దారినే వెళ్తే 4,956 అడుగుల టౌన్ పాస్ ఎక్కి నిటారుగా దిగాలి.

శాన్ హోజే నుంచి లాస్ వేగాస్‌కు విమానంలో గంటన్నర. అక్కణ్ణుంచి పహ్రంప్ మీదుగా ఫర్నేస్ క్రీక్ 120 మైళ్లే. వేగాస్‌లో ఇండియన్ స్టోర్లున్నాయి, పహ్రంప్‌లో పెద్ద కిరాణా, పెట్రోలు. పార్కు లోపల పెట్రోలు దొరుకుతుంది గానీ ధర చూసి గుండె పట్టుకుంటారు, పహ్రంప్‌లోనే నింపేయండి. ఈ బండి గ్యాలనుకు ఎనిమిది మైళ్లిస్తే గొప్ప. సన్నీవేల్ నుంచి వెళ్లి రావడానికే 125 గ్యాలన్లు. వేగాస్ నుంచైతే లోపలి తిరుగుళ్లతో కలిపి 50తో సరిపోతుంది. విమానం టికెట్ల ఖర్చు కొంత ఇక్కడే తిరిగొస్తుంది.

25 అడుగులు ఎందుకంటే, రంగురంగుల కొండల మధ్య సాగే ఆర్టిస్ట్స్ డ్రైవ్ మీదికి అంతకు మించిన పొడవు బండ్లను రానివ్వరు. కొండమీది డాంటేస్ వ్యూకు వెళ్లే చివరి మెలికల దారికీ అదే షరతు. వెనక సైకిలు స్టాండు తగిలిస్తే ఆ పొడవూ కలుస్తుంది. చూడాల్సిన వాటిలో మంచివి రెండు వదులుకుని అయిదడుగుల సుఖం ఏం చేసుకుంటారు? ఇంకొకటి, సీటుబెల్టులు లెక్కపెట్టండి. చిన్న ఆర్‌వీల్లో చాలావాటికి అయిదే ఉంటాయి, మీరు ఆరుగురు. నడిచే బండిలో మంచం మీద పడుకోవడం, బాత్రూమ్‌కు నడవడం లాంటివి వద్దు. మీ ఆయన చెప్పే "వెంటే ఉండే బాత్రూమ్" బండి ఆపితేనే పనికొస్తుంది. బాబు కార్‌సీటును ముందుకు చూసే సీటుకే బిగించాలి, పక్కకు చూసే సోఫాకు కాదు. ఆరో బెల్టు లేకపోతే వేగాస్‌లోనే ఒక అద్దె కారు కూడా తీసుకోండి. ఖర్చే. కానీ అప్పుడు ఆర్‌వీని ఒకసారి కరెంటుకు తగిలించాక కదపక్కర్లేదు, మీరు అత్తమామలను కారులో హాయిగా తిప్పొచ్చు. ఏది తీసుకున్నా తారురోడ్డు దిగకండి. 1996 జూలైలో ఒక జర్మన్ కుటుంబం అద్దె వ్యాన్‌ను మట్టిదారిలోకి తీసుకెళ్లి, టైర్లు పోయి, నలుగురూ అక్కడే చనిపోయారు. పెద్దవాళ్ల అవశేషాలు 2009లో గానీ దొరకలేదు. ఫోను చూపించిన దారల్లా దారి కాదక్కడ.

మీ అసలు భయం పనుల గురించి. ఉత్తరంలో దాన్ని చివర్లో, ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు, నేను మాత్రం ఊరుకోను. ఆర్‌వీలో ఇంటిపని తగ్గదు, ఇరుకులో చెయ్యాల్సి రావడం వల్ల పెరుగుతుంది. పైగా ఇంట్లో లేని పనులు కొన్ని కొత్తగా చేరతాయి. వాటిలో ముఖ్యమైనది ట్యాంకులు ఖాళీ చెయ్యడం. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు, సింకు నీళ్లది గ్రే ట్యాంకు. చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, లావుపాటి ముడతల గొట్టం ఒక కొసను బండి కింద మూతి దగ్గర తిప్పి బిగించి, రెండో కొస నేలలోని తూములో దింపి, అది ఎగిరిపడకుండా కాలితో తొక్కిపట్టి, ముందు బ్లాక్ ట్యాంకు పిడి లాగాలి. దడదడమని వచ్చి, సన్నగిల్లి, ఆగుతుంది. అప్పుడు గ్రే పిడి లాగితే సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. వరస మారిస్తే మురికి గొట్టంలోనే మిగులుతుంది. హుక్‌అప్ ఉంది కదా అని బ్లాక్ పిడి రోజంతా తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది, అద్దె బండి తిరిగిచ్చేటప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. ఇది మీ ఆయన పని. సాయం కూడా చెయ్యకండి. బండి ఆయన ముచ్చట కాబట్టి బండి పనులన్నీ ఆయనవే. నీళ్లు పట్టడం, కరెంటు తగిలించడం, బండి పక్కన నీడకు చాపిన పరదాను చీకటి పడకముందే మడిచెయ్యడం కూడా. ఎడారి గాలి లేస్తే ఆ పరదా విరిగిపోతుంది.

వంట తగ్గించండి. ఇంట్లోనే పులిహోర పులుసు, పప్పుపొడి, నెయ్యి, పచ్చళ్లు, చపాతీలు సర్దుకుంటే అక్కడ అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. పెరుగు పహ్రంప్‌లో కొనండి. ఒక పూట హోటల్లో తినండి, అందరూ. బండి లోపల పోపు వెయ్యకండి. ఎండుమిరపకాయ చిటపటమనగానే పొగ అలారం మొదలవుతుంది, ఆ వాసన సీట్ల గుడ్డకు పట్టి వదలదు, శుభ్రం చేసినందుకు డబ్బు కట్టించుకుంటారు. అంతగా కావాలంటే బయట బల్ల మీద చిన్న స్టవ్ పెట్టుకోండి. వార్చిన గంజి, నూనె, తిన్న కంచాల మెతుకులు సింకులో పొయ్యొద్దు. కరివేపాకు పచ్చి రెమ్మలు మాత్రం వెంట తీసుకెళ్లకండి. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే ఒక పురుగు ఆ చెట్టును పట్టుకుని వ్యాపిస్తుందని కాలిఫోర్నియాలో దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. వేయించి పొడి చేసుకుంటే గొడవ లేదు.

చూడాల్సినవి రోజుకు రెండే పెట్టుకోండి. జబ్రిస్కీ పాయింట్‌కు తెల్లవారుజామునే వెళ్లాలి. పార్కింగ్ నుంచి కొంచెం ఎత్తు ఎక్కాలి గానీ తారు వేసిన దారే, అత్తగారు మెల్లగా ఎక్కగలరు. బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉంటుంది. నడక చదును, కంటికి ఆనినంత మేర ఉప్పు. అక్కడి కొండగోడ మీద సముద్రమట్టం ఎక్కడుందో ఒక బోర్డు పెట్టారు, తల బాగా పైకెత్తితే గానీ కనపడదు. పిల్లలకు దాన్ని వెతికే పని పెట్టండి. 2023 ఆగస్టు 20న హిలరీ తుపానుకు ఒక్కరోజులో 2.2 అంగుళాలు, అంటే ఏడాది వాన మొత్తం కురిసి ఇక్కడ చెరువు నిలిచింది, పార్కును అక్టోబరు దాకా మూసేశారు. అందుకే బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి ఒకసారి చూసుకోండి. డాంటేస్ వ్యూ 5,475 అడుగుల మీద ఉంటుంది, కింద వ్యాలీ కంటే 20 ఫారెన్‌హీట్ డిగ్రీలకు పైగా చలి. అక్కడ మామగారు స్వెట్టరు ఆయనంతట ఆయనే అడుగుతారు. మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెలను పిల్లలకు వదిలెయ్యండి. పెద్దవాళ్లు బండిలో కూర్చుని చూస్తారు.

హార్మొనీ బోరాక్స్ వర్క్స్ అనే పాత కార్ఖానా దగ్గర చాలామంది ఆగకుండా పోతారు గానీ, మీ మామగారికి నచ్చుతుంది. మన కంసాలులు అతుకు పెట్టడానికి వాడే వెలిగారం ఇక్కడ నేల మీదే దొరికేది. 1883 నుంచి 1889 దాకా పెద్ద కంచరగాడిదల బళ్లు కట్టి 165 మైళ్ల దూరంలోని మోహావీ రైలుస్టేషనుకు తోలేవారు. పాత బళ్లు ఇంకా ఉన్నాయి, చక్రం పెద్దమనిషి కంటే ఎత్తు. ఈ నేల అంతకు ముందు నుంచీ టింబిషా షోషోనీ అనే ఆదివాసులది. వాళ్ల ఊరు ఫర్నేస్ క్రీక్‌లో ఇప్పటికీ ఉంది, 2000లో చేసిన చట్టంతో కొంత భూమి వాళ్లకు తిరిగొచ్చింది. పిల్లలకు ఆ ముక్క కూడా చెప్పండి.

రాత్రి గురించి ఇంత భయపెట్టాను గానీ, ఆకాశం కోసం ఒక్క గంట కేటాయించండి. చీకటి ఆకాశానికి గుర్తింపు పొందిన పార్కు ఇది. ఫిబ్రవరి సాయంత్రం కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర నెత్తి మీదే వరసగా ఉంటాయి. పంచాంగంలో పేర్లు చదవడం తప్ప వాటిని ఇంత స్పష్టంగా చూసి మీ అత్తగారికి ఎన్నాళ్లయిందో. అమావాస్యకు దగ్గరి తేదీలు చూసుకోండి. టార్చిలైటు నేలకేసి పట్టుకోమనండి, మెడ ఎత్తి నడవొద్దని చెప్పండి.

కాగితాల సంగతి చిన్నదే. 62 దాటినవాళ్లకిచ్చే సీనియర్ పాస్ అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకు మాత్రమే, మీ అత్తమామలకు వర్తించదు. వాళ్ల పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు కాగితం) ప్రింటు వాళ్ల చేతిసంచిలోనే ఉంచండి. ఎప్పుడైనా ఆరిజోనా దక్షిణం వైపు వెళ్తే రోడ్డు మీద బోర్డర్ పెట్రోల్ ఆపి అడుగుతుంది. మీ కారు ఇన్సూరెన్స్ అద్దె ఆర్‌వీకి వర్తిస్తుందనుకోకండి, ఫోను చేసి కనుక్కోండి.

ఇంట్లో ఎలా చెప్పాలన్నారు. "వద్దు" అనకండి, తేదీతో మొదలుపెట్టండి. "ధనుర్మాసం అయ్యాక వెళ్దాం, అత్తయ్యగారికి పూజ తప్పదు" అంటే మీ అత్తగారు మీ వైపే ఉంటారు, నిజం కూడా అదే. గది మాట మాత్రం మీ ఆయన నోటితోనే చెప్పించండి. కోడలు చెబితే వేరు పెట్టినట్టుంటుంది, కొడుకు చెబితే సుఖం చూసినట్టుంటుంది. ఇది న్యాయమని నేననను, ఇలాగే జరుగుతుందని చెబుతున్నాను. క్యాంప్‌గ్రౌండు బుకింగులు ఆరు నెలల ముందే తెరుస్తారు కాబట్టి హుక్‌అప్ జాగాలు ఈపాటికి నిండిపోయి ఉంటాయి, రద్దయినవాటి కోసం రోజూ చూస్తుండాలి. అయితే మొదట చూడాల్సింది గది, అదీ ఇవాళే. దొరక్కపోతే తేదీ జరపండి గానీ, అందరం బండిలోనే సర్దుకుందామనే మాట మళ్లీ మొదలవనివ్వకండి.